వదినెకు చదివి చెప్పని కాయితం

పొద్దుగాల ఆరు గొట్టంగ ఫోన్ మోగింది. ఆర్మూర్‌ల మా వదినె పక్కింటామె. "అక్కా, మీ వదినె పోయిందట. దవాఖానోళ్లు ఇప్పుడే చెప్పిండ్రు," అన్నది. నేను మంచం మీద కూసున్నకాడ్నే కూసున్న. మా ఆయన "ఏమైందే" అని రెండుసార్లు అడిగిండు. తలుపు ఎనుక కొక్కానికి నా చేతిసంచి ఉండె. దాని దిక్కే సూసుకుంట కూసున్న. అండ్ల నా కండ్లద్దాలున్నయి. నిన్న సాయంత్రం వదినె మంచం పక్కన కూసొని, గవే అద్దాలు ఇంటికాడ మరిచిపోయిన్నని అబద్దం చెప్పి వచ్చిన.

పోయినోళ్ల గురించి రాసెటప్పుడు వాళ్ల మంచి నాలుగు మాటలు చెప్పి, ఆత్మకు శాంతి కలగాల్నని ముగిస్తరు. బడిల ముప్పై ఏండ్లు పాఠం చెప్పినదాన్ని, గసొంటియి నేను గూడ శానా రాసిన. వదినె గురించి గట్ల రాసే మొఖం నాకు లేదు. ఆమె మంచి చెప్పాల్నంటె ముందుగాల నా చెడు చెప్పాలె. సదివెటోళ్లు ఏమన్నా అనుకోండ్రి, నేను పడ్త.

వదినె అంటె మా ఒక్కగానొక్క అన్న పెండ్లాం. ముప్కాల్ ఊరి పిల్ల. మా ఇంటికి వచ్చేనాటికి ఆమెకు పద్దెనిమిదేండ్లు, నాకు పదహారు. రెండేండ్ల తేడాకు నన్ను "పిల్లా" అని పిలిచేది. నాకు డెబ్బై దాటినంక, మోకాళ్ల నొప్పులతోని మెట్టు ఎక్కలేక గోడ పట్టుకొని నిలబడ్డా "రా పిల్లా, మెల్లగ" అనేది.

ఆర్మూర్‌ల ఆమె పేరు తెల్వనోళ్లకు గూడ ఆమె గడియారం తెల్సు. మొగోళ్లు పెట్టుకునే పెద్ద చేతి గడియారం. ఆమె చెయ్యేమో పుల్ల. అది జారుతుంటె మోచేతి దాక ఎక్కించుకునేది. పసుపు ఉడికిందా లేదా అని మా దిక్కు అందరు నురుగు సూస్తరు, వాసన సూస్తరు, పుల్ల గుచ్చి సూస్తరు. వదినె గవన్నీ చేసి, ఆపైన గడియారం సూసేది. కడాయిల కాలం పోయి ట్రాక్టర్ మీద బాయిలర్లు వచ్చినంక బాయిలర్ డ్రైవర్ నవ్వేటోడు. "పెద్దమ్మా, మిషన్‌కు మీటర్ ఉన్నదే," అంటె, "నీ మీటర్ నీకు చెప్తది కొడుకా, నాకు నా గడియారం చెప్పాలె," అనేది. ఆమె మాట ఒకటి మా వాడకట్టంత అనుకుంటరు: "తొందరపడ్డ పసుపు పైన పచ్చగుంటది, లోపల పచ్చిగుంటది."

ఏ బస్సుకు పోయెటోళ్లయినా ఆమె ఇంటి ముంగట ఆగి అడిగెటోళ్లు. "బస్టాండ్ కాడికి పదకొండు నిమిషాలు. నీ నడకకు పదిహేను పెట్టుకో, నువ్వు మంది మొఖాలు సూసుకుంట పోతవ్," అనేది. నిజంగ పదిహేను నిమిషాలే పట్టేది.

గా గడియారం మా అన్నది. గా లెక్కలు గూడ మా అన్న నేర్పినయే.

అన్న వైమానిక దళంల ఉండె. బాంబులేసే విమానంల నావిగేటర్. పసుపు, మక్క పండించే మా అసొంటోళ్ల ఇంట్లకెళ్లి గా పనికి పోయినోడు మా చుట్టుముట్టు ఊర్లల్ల ఇంకొకడు లేకుండె. మా బాపు కనపడ్డోనికల్ల "మావోడు విమానం నడుపుతడు" అని చెప్పుకునేటోడు. అన్న సెలవుకు వచ్చినప్పుడు గా మాట ఇని నవ్విండు. "నడిపెటోడు ముందట కూసుంటడు బాపు. నేను ఎనుక కూసొని దారి చెప్త," అన్నడు. బాపు మొఖం చిన్నగైంది. "అంటె బస్సుల కండక్టర్ లెక్కనారా?" అన్నడు. "గంతే అనుకో," అన్నడు అన్న. ఆయన గొప్పలు చెప్పుకునే మనిషి కాదు. గొంతు గూడ పెద్దగ లేపకపోయేది.

పెండ్లయినంక రెండుసార్లే సెలవుకొచ్చిండు. ఇద్దరు కల్సి ఉన్నది రెండు నెల్లు గూడ కాదు. గా రెండు నెల్లల్ల అన్న చేసిన ముచ్చట్లన్నీ లెక్కలే. వాకిట్ల బండ మీద పసుపు కొమ్ముతోని గీతలు గీసెటోడు. గిది గోదారి, గిక్కడ పోచంపాడ్ కాడ డ్యామ్ కడ్తున్నరు, గిది మన ఆర్మూర్ గుట్ట. ఇంత వేగంతోని, ఇంతసేపు, గీ దిక్కు పోతె ఏడికి చేరుతం చెప్పు అని వదినెను అడిగెటోడు. వదినె మూడో తరగతి దాకనే సదివింది. అయినా పది రోజులల్ల పట్టుకున్నది. ఇంటికాడ్నించి చేనుకు నడిచి, నిమిషాలు లెక్కపెట్టి, దూరం చెప్పేది.

"మీకు కిటికీల నుంచి అంత కనపడ్తదా?" అని ఒకనాడు అడిగింది.

"నేను కూసునే కాడ కిటికీ లేదు," అన్నడు అన్న. "లెక్కనే నా కిటికీ. బాంబు ఇడిసే జాగ దగ్గరికొచ్చినప్పుడు ముందటికి పాక్కుంట పోయి, బోర్లపండుకొని సూస్త. గప్పుడే కింద కనపడ్తది."

అమ్మ చాటల మక్కలు చెరుగుతున్నది చెయ్యి ఆపింది. "కింద మనుషులుండరారా?" అన్నది.

అన్న చేతిల పసుపు కొమ్ము కింద పెట్టిండు. "ఉంటరమ్మా. గందుకే లెక్క తప్పద్దు," అన్నడు. పోయెటప్పుడు గడియారం ఇప్పి వదినె చేతుల పెట్టిండు. తనకు దళంల ఇచ్చింది ఇంకోటి ఉన్నదన్నడు.

గా ఏడాదే బంగ్లాదేశ్ లడాయి మొదలైంది. అన్న దగ్గర్నుంచి ఒక్క ఉత్తరం వచ్చింది, తెలుగుల, వదినె పేరు మీద. "పని మీద పోతున్నం, వస్తున్నం. తిండి మంచిగున్నది. పసుపు ఆకు ఎండిందా? గడియారానికి రోజు ఒక్కతీరుగ చావి ఇయ్యి." గంతే. ఎనుకనే టెలిగ్రాం వచ్చింది. మా ఇంట్ల ఇంగ్లీషు అక్షరం తెల్సింది నాకొక్కదానికే, కాలేజీల కొత్తగ చేరిన. నేనే సదివిన. విమానం తిరిగి రాలేదు, మనిషి ఆచూకీ తెలుస్తలేదు అని ఉండె.

అమ్మ పడిపోయింది. బాపు గుండె పట్టుకున్నడు. ఊరోళ్లు వచ్చి ధైర్యం చెప్పిండ్రు. పాకిస్తానోళ్లు పట్టుకొని జైలుల పెట్టి ఉంటరు, లడాయి అయినంక ఇడిసిపెడ్తరు, మస్తు మందిని గట్ల ఇడిసిపెట్టిండ్రు అన్నరు. వదినె గా మాట పట్టుకున్నది. తెల్లారి లేచి తలకు పోసుకొని, కాళ్లకు పసుపు రాసుకొని, నొసటికి పైసంత బొట్టు పెట్టుకునేది.

ఇగ నా సంగతి. లడాయి ఎనుక వచ్చిన ఎండకాలం నాకు సంబంధం కుదిరింది. పిల్లగాడు భీమ్‌గల్‌ల టీచర్. సూడనీకి వచ్చినప్పుడు నేను తలుపు సందుల నుంచి సూసిన. నచ్చిండు. ఇంత వయసొచ్చినంక సిగ్గెందుకు, మస్తు నచ్చిండు. కొడుకు జైలు నుంచి వచ్చేలోపల బిడ్డ పెండ్లన్నా సూడాల్నని బాపు ఆరాటం. పిల్లగాని తండ్రి ఖరాఖండిగ చెప్పిండు. "గీ ఎండకాలం దాటితె మేం ఇంకో సంబంధం సూసుకుంటం" అని.

పెండ్లి ఇంక పదిహేను రోజులుందనంగ గా ఉత్తరం వచ్చింది.

ఉడకబెట్టిన పసుపు వాకిలంత ఆరబోసి ఉండె. వదినె కాళ్లతోని మెల్లగ తిరగేస్తున్నది. పోస్టాయన సంతకం పెట్టుమంటె పెట్టింది. సంతకం అన్ననే నేర్పిండు. లిఫాఫా తెచ్చి నా చేతుల పెట్టి, నా మొఖంల మొఖం పెట్టి నిలబడ్డది. "ఏం రాసిన్రే పిల్లా?"

ఇంగ్లీషుల టైపు కొట్టిన రెండు కాయితాలు. అన్న మీది ఆఫీసర్ రాసిండు. నాలుగుసార్లు పోయి పని చేసుకొని మంచిగ తిరిగొచ్చిండని, ఐదోసారి విమానానికి దెబ్బ తగిలి మంటలతోని సముద్రంల పడ్డదని, పడంగ సూసినోళ్లున్నరని, బతికి ఉంటరన్న ఆశ పెట్టుకోవద్దని. ఇంకో సంగతి గూడ ఉండె అండ్ల. అది ఆఖర్న చెప్త.

అన్న పోయిండు. గది మొదటి ఆలోచన, గది నిజం. రెండోది గూడ చెప్పాలె. ఏడాది దాక ఇంట్ల శుభకార్యం ఉండదు, భీమ్‌గల్ సంబంధం పాయె. రెంటికి మధ్యల రెప్పపాటు గూడ లేదు. బాపు గుండె ఆగుతదని దాచిన అని ఇన్నేండ్లు నాకు నేను చెప్పుకున్న. ఉత్త మాట. నా పెండ్లి కోసం దాచిన.

"ఇంకా ఎతుకుతున్నరట వదినె. ఫికర్ పెట్టుకోవద్దని రాసిన్రు," అన్న.

"రెండు కాయితాల నిండ గంతేనా?"

"ఇంగ్లీషుల గట్లనే సాగదీస్తరు."

ఆమె నవ్వింది. దేవుని అర్ర లోపలికి ఉరికింది. నేను ఎనుక పోయిన. పెండ్లి పత్రికకు పెట్టినట్టు గా కాయితాల నాలుగు మూలలకు తడిపసుపు పెడ్తున్నది. "మంచి ముచ్చట వచ్చిన కాయితం పిల్లా," అన్నది. మడిచి, లిఫాఫాల పెట్టి, తన పెట్టెల అన్న బట్టల నడుమ పెట్టుకున్నది. నేను చెప్తె అయిపోవు. ఇంకా టైం ఉండె. చెప్పలే.

నా పెండ్లి పసుపు దంచిననాడు మా అమ్మ ఆమెనే ముందుగాల పిలిచింది. ఐదుగురు ముత్తైదువలల్ల మొదటి దెబ్బ ఇంటి కోడలిదే కావాలె అన్నది. రోకలికి పసుపు కొమ్ము కట్టి, రోట్లె మా చేన్ల పసుపు పోసి, వదినె రోకలి ఎత్తింది. పాటలల్ల ఆమె గొంతే మీద ఇనపడ్డది. మధ్యల ఆగి గడియారం సూసుకొని అందర్ని నవ్వించింది. "మీ అన్నను రానియ్యి పిల్లా, నీ పెండ్లి సంగతంత నిమిషం నిమిషం ఒప్పజెప్త," అన్నది. నేను పీట మీద తల వంచుకొని కూసున్న. పెండ్లిపిల్లకు సిగ్గని అందరు అనుకున్నరు.

ఐదు నెల్లకు నేను కడుపుతోని పుట్టింటికి వచ్చిన. అప్పుడే జిల్లా నుంచి పింఛన్ కాయితాల మనిషి వచ్చిండు. వాకిట్ల కూలి ఆడోళ్లున్నరు, అమ్మ ఉన్నది, బాపు మంచంల ఉన్నడు. గాయన ఫైల్ తెరిచి, "ఉత్తరం పంపి ఇన్ని నెల్లయింది. ఇగో, తీసుకున్నట్టు భార్య సంతకం. ఆయన చనిపోయిండని తెల్సినంక కాయితాలు ఎందుకు నింపి పంపలే?" అని అడిగిండు.

అమ్మ పోయి వదినె జుట్టు పట్టుకున్నది. "మొగడు పోయిన సంగతి కడుపుల పెట్టుకొని నా బిడ్డ పెండ్లి పసుపు దంచినవా? బొట్టు మీద గంత ఆశనా నీకు?"

వదినె నా దిక్కు సూసింది.

గా ఒక్క నిమిషంల ఆమెకు రెండు సంగతులు తెల్సినయి. మొగడు లేడని ఒకటి. గది నాకు ముందే తెల్సని ఇంకోటి. ఏడుస్తదనుకున్న. నన్ను బయటపెడ్తదనుకున్న. ఆమె సూపు నా మొఖం మీదికెళ్లి నా కడుపు మీదికి దిగింది. సచ్చిపోయిన అన్నను దాచి పెండ్లి చేసుకున్నదని తెలిస్తె భీమ్‌గల్‌ల నా సంసారం ఒక్క దినం నిలవదు. ఆమె గా లెక్క కట్టింది.

"తెల్సు అత్తమ్మా," అన్నది. "నేనే చెప్పలే."

లోపలికి పోయి తానే బొట్టు కడుక్కొని వచ్చింది. నేను తేలు కుట్టిన దొంగ లెక్క నిలబడ్డ.

నా తొలిచూరు కాన్పు దక్కలే. మా అత్త "గామె చెయ్యి వడ్డ పసుపు గది, ఇంకేమైతది" అన్నది. మా అమ్మ గూడ గదే అన్నది. నేను అప్పుడు గూడ నోరు మూసుకున్న. ముప్పై ఏండ్లు పిల్లలకు మూఢనమ్మకాలు వద్దని బోర్డు మీద రాసి చెప్పిన మనిషిని నేను.

అప్పట్నుంచి మా చుట్టాలల్ల ఒక్క పెండ్లికి గూడ వదినెను పసుపు దంచ పిలువలే. అయితె ఆమె చేన్ల పసుపు మాత్రం అందరికి కావాలె. రంగు మంచిగుంటది, ఉడుకు సరింగుంటది. ఏ ఇంట్ల పెండ్లయినా ఆమె ఒక సంచి నింపి, మూతి కట్టి, గేటు కాడ పెట్టి పోయేది. లోపలికి రాకపోయేది. నా ఇద్దరు బిడ్డల పెండ్లిళ్లకు గూడ గట్లనే సంచి వచ్చింది. చిన్న బిడ్డ పెండ్లినాడు నేను ఉరికిపోయి గేటు కాడ ఆమె చెయ్యి పట్టుకున్న. "లోపలికి రా వదినె" అని నోటి దాక వచ్చింది. ఎనుక మా ఆడబిడ్డలు సూస్తున్నరు. "చాయ్ తాగి పోతవా?" అన్న. "వద్దు పిల్లా, బస్సుకు తొమ్మిది నిమిషాలే ఉన్నయి," అని పోయింది.

బాపు పోయిండు. అమ్మ పదకొండేండ్లు మంచంల ఉన్నది. వదినెనే కడిగింది, వదినెనే తినిపించింది. అమ్మ ఆమె చేతి బువ్వ తినుకుంటనే ఆమెను తిట్టేది. వదినె ఒక్కనాడు గూడ ఎదురు చెప్పలే. "తిట్టనియ్యి. కొడుకు పోయిన తల్లి, ఎవ్వర్నో ఒకర్ని తిట్టాలె గద," అనేది.

నేను చేసిన అసలు పాపం నాకు ఒక ఆగస్టు పదిహేనునాడు తెల్సింది. మా బడిల జెండా పండుగకు వదినెను పిలిచి శాలువ కప్పిండ్రు. అన్న గురించి నన్ను మాట్లాడుమన్నరు. మైకు చేతికొస్తె మనిషి ఆగడు గద. మంటల్ల కాలుకుంట గూడ శత్రువుల మీద గర్జించిండని, జై కొట్టుకుంట ప్రాణం ఇడిసిండని చెప్పిన. చప్పట్లు మోగినయి. మొత్తం నేను పుట్టించిందే.

అందరు లడ్డూలు తినుకుంట పోయినంక వదినె నా పక్కకు వచ్చింది. "గది కాయితంల ఉన్నదా పిల్లా?" అని మెల్లగ అడిగింది.

"ఉన్నది వదినె," అన్న.

"ఆయన గట్ల గొంతు లేపి ఒర్రెటోడు కాదు," అన్నది.

గప్పుడు అర్థమైంది. ఆమె గా కాయితం ఎవ్వరితోని సదివించుకోలే. సదివించుకునేటట్టు గూడ లేదు. సంగతి నాకు ముందే తెల్సు అని వాకిట్ల అందరి ముంగట చెప్పిన మనిషి, గదే కాయితం పట్టుకొని పోయి ఏముందో చెప్పుమని ఎవర్ని అడుగుతది? అడిగిననాడు నా అబద్దం బయటపడ్తది. నా సంసారం కాపాడెతందుకు ఆమె తన మొగని ఆఖరు ముచ్చట తెల్సుకునే దారి మూసుకున్నది. గది తెరవగలిగింది లోకంల నేనొక్కదాన్నే. గానాడు ఆమె ఇంకేదో అనబోయింది. "పిల్లా, గా కాయితం ఒకసారి..." అన్నది. "హెడ్‌మాస్టర్ పిలుస్తున్నడు వదినె," అని నేను తప్పించుకున్న. ఆ తర్వాత ఆమెతోని ఒంటిగ కూసునుడే మానేసిన.

మొన్న ఊపిరాడక, దమ్ము ఎక్కువై దవాఖానల చేరిందంటె పోయిన. సాయంత్రం నాలుగైతది. మంచంల చిక్కి ఇంతే అయి ఉండె. మోచేతి దాక ఎక్కిన గడియారం ఇప్పుడు భుజం దాక పోయేటట్టుండె. దిండు కిందికెళ్లి లిఫాఫా తీసింది.

"కాయితం తెచ్చుకున్న పిల్లా. ఒక్కపారి సక్కగ సదివి చెప్పు. నీ మీద నాకు కోపం లేదు, దేవుని తోడు. ఆయన ఎట్ల పోయిండో తెల్వకుంట పోవుడు మంచిగనిపిస్తలేదు."

అన్నేండ్లకు ఆమె నన్ను అడిగింది గదొక్కటే. పక్క మంచం కాడ వాళ్ల మనుషులున్నరు. నర్సు తిరుగుతున్నది. నా చేతిసంచి నా ఒళ్లెనే ఉండె.

"అద్దాలు ఇంటికాడ మరిచిపోయిన వదినె. రేపు తెచ్చి సదువుత," అన్న.

ఆమె నా సంచి దిక్కు సూసింది. నా మొఖం దిక్కు సూసింది. ఆ తర్వాత గడియారం సూసుకున్నది. "రేపు ఎన్నింటికొస్తవ్?"

"తొమ్మిదింటికి."

"భీమ్‌గల్ బస్సు నలభై నిమిషాలు తీస్కుంటది. ఎనిమిదింటికల్ల బస్టాండ్ల ఉండు. నీ నడక సంగతి నాకు తెల్సు," అని కండ్లు మూసుకున్నది.

తెల్లారి పోయేవరకు పీనుగను ఇంటికి తెచ్చిండ్రు. స్నానం పోసెటప్పుడు పక్కింటామె నా దిక్కు సూసి, "అక్కా, పసుపు..." అని ఆగింది. మొగడు లేని మనిషికి పసుపు పెట్టరు. పెట్టుండ్రి అనాల్నని నాలుక చివరి దాక వచ్చింది. "ఎట్ల ఆనవాయితీ ఉంటె గట్ల చేయిండ్రి," అన్న. నా అసొంటి దానికి ధైర్యం ఎప్పుడొస్తది? నీళ్లు పోసి చేతులు రుద్దిండ్రు. అరచేతుల గీతలల్ల, గోర్ల కింద పసుపు ఉండె. ఇన్నేండ్లు ఉడకబెట్టిన చేతులు, ఎంత రుద్దినా పోలే. అట్లనే తీస్కపోయిండ్రు.

దినాల నాడు అందరు ఆమెను మంచిగనే చెప్పుకున్నరు. ఒక ముసలామె మాత్రం "గా ఒక్క తప్పు చేయకుండ ఉంటె దేవతనే" అన్నది. నేను ఇస్తరాకు ముంగట తల వంచుకొని కూసున్న. రెండు రోజులాగి మా ఆయనకు అంత చెప్పిన. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, చాయ్ గ్లాస్ కింద పెట్టిండు. "మన పాప పోయిననాడు నేను గూడ ఆమెనే తిట్టిన," అన్నడు. లేచి బయటకు పోయిండు. గా దినం నాతోని మళ్ల మాట్లాడలే.

వచ్చే నెల మా మనుమరాలి పెండ్లి. వదినె ఇంటికి తాళం తీస్తె తలుపు పక్కన సంచి ఉన్నది, మూతి కట్టి, పెండ్లి కోసమని ముందే నింపి పెట్టింది. పసుపు దంచేనాడు మొదటి దెబ్బ నువ్వే ఎయ్యాలె అమ్మమ్మా అని పిల్ల అంటున్నది. మొగడున్నడు, పిల్లలున్నరు, నాకేమో ముత్తైదువనని పేరు. గీ రాత అచ్చయినంక మావోళ్లందరు సదువుతరు. నన్ను రోకలి ముట్టనియ్యద్దని వాళ్లంటె గది న్యాయమే. ముట్టకూడని చెయ్యి గా ఇంట్ల మొదట్నుంచి నాదొక్కటే.

వదినె ఇంటి తాళం తీసిననాడే గా సంచి పక్కన, అన్న ఫోటో ముంగట కూసున్న. దవాఖానోళ్లిచ్చిన లిఫాఫా ఇప్పిన. నాలుగు మూలల పసుపు రంగు దిగలేదు. పాత మరక మీద కొత్తది ఉన్నది. ఏండ్లకేండ్లు మళ్ల మళ్ల పెట్టుకుంట వచ్చినట్టున్నది. లోపల ఏముందో తెల్వని కాయితానికి. అద్దాలు పెట్టుకున్న. పెద్దగ, తెలుగుల, ఒక్కొక్క మాట సదివి చెప్పిన. నేను ఆఖర్న చెప్తనన్న సంగతి గిది.

"అమ్మా, మీ భర్త విమానానికి దెబ్బ తగిలినప్పుడు, ఎనుక వస్తున్న మన ఇంకో విమానంల యంత్రాలు చెడిపోయినయి. వాళ్లకు దిక్కు తెలుస్తలేదు. మీ భర్త రేడియోల వాళ్లకు ఇంటిదారి చెప్పిండు. ఏ దిక్కు తిరగాలె, ఎంత వేగం, ఎన్ని నిమిషాలు. తప్పు పోవద్దని రెండుసార్లు చెప్పిండు. ఆయన గొంతుల తొందర లేకుండె అని వాళ్లు నాకు చెప్పిండ్రు. ఆయన చెప్పిన నిమిషానికి వాళ్లు ఇల్లు చేరిండ్రు. మీ భర్త విమానం చేరలేదు."

సదువుడు అయిపోయింది. గది కాయితంల ఉన్నదా పిల్లా అని వదినె ఎనుక నుంచి అడిగినట్టే అయింది.

ఉన్నది వదినె. గీసారి నిజంగనే ఉన్నది. ఆయన ఒర్రలే.

కాయితం మడుస్తుంటె మూలలకున్న పసుపు నా వేళ్లకంటింది. ఇంటికొచ్చి బువ్వ తినేతందుకు కూసున్న. చేతులు కడుక్కో అని మా ఆయన చెంబు పెట్టి పోయిండు. గా చెంబు అట్లనే ఉన్నది.